మోడల్ కొత్త శాంపిల్స్ మీద ఎందుకు తప్పుతోంది?

ముక్కు స్వాబుల్లోని మెటబొలైట్లతో (శరీరంలో తయారయ్యే చిన్న రసాయనాలతో) ఫ్లూ పట్టే మీ మెషిన్ లెర్నింగ్ మోడల్ 98 శాతం కచ్చితత్వం చూపించి, వేరే ఆసుపత్రి శాంపిల్స్ మీద చతికిలపడిందన్నారు కదండీ. అల్గారిదం జోలికి వెళ్లకుండా ముందు రన్ తేదీలు చూడండి. ఫ్లూ శాంపిల్స్ ఒక రోజు, మిగతావి ఇంకో రోజు ఈ రసాయనాలను కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి ఉంటే, మోడల్ జబ్బును వదిలేసి తేదీని పట్టుకుంటుంది. శాంపిల్స్ మధ్య పెద్ద తేడాలను ఒక్క బొమ్మలో చూపే పీసీఏ ప్లాట్‌కు తేదీలవారీగా రంగులు వేస్తే గుట్టు బయటపడుతుంది. అదే అయితే రెండు రకాలూ కలగలిపి, మధ్యమధ్యలో పూల్డ్ క్యూసీ (అన్ని శాంపిల్స్ నుంచి కొంచెం కొంచెం తీసి కలిపిన నాణ్యతా పరీక్ష శాంపిల్) పెట్టి మళ్లీ రన్ చేయించాల్సిందే, ఖర్చయినా సరే. మెటబొలైట్ల ఎంపిక కూడా క్రాస్ వాలిడేషన్ (డేటాలో కొంత భాగాన్ని వంతులవారీగా పక్కన పెట్టి మోడల్‌ను పరీక్షించడం) లోపలే జరగాలి. మొత్తం డేటా మీద ముందే చేస్తే పరీక్ష పేపరు లీకైనట్టే. 2021లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఫ్లూ అధ్యయనంలో పైరోగ్లుటామిక్ ఆమ్లం ముఖ్యమైన గుర్తుగా తేలింది. మీ జాబితాలో అదెక్కడుందో చెప్పండి.