మీ అమ్మ కుట్టు మిషన్ బిగుసుకుపోయిన సంగతి

తల్లీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అది మీ అమ్మ పెళ్ళికి మా నాన్న కొనిచ్చిన ఉషా మిషనే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి సోంపేటలో మీ ఇంటి రేకులు లేచిపోయి తడిసింది. అప్పట్నుంచి మూలనే ఉంది. చక్రం కదలట్లేదు, పాత ఇనుముకి వేసెయ్యమంటున్నారు అని రాశావు. వెయ్యొద్దమ్మా. పైన కనబడే తుప్పు చూసి భయపడకు. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి మిషన్లలో చాలావాటిని పట్టేసింది ఎండిపోయిన నూనే. ఉద్దానంలో కొబ్బరికి కరువు లేదని మీ అమ్మ మిషన్‌కి కూడా కొబ్బరి నూనే పోసేది, నేను వద్దన్నా. దారం నూగూ దుమ్మూ కలిసి అది జిగురైపోయి ఉంటుంది.

ముందుగా ఒక మాట. చక్రాన్ని బలం పెట్టి తిప్పకు. కొత్తగా పని నేర్చుకునేటప్పుడు నేను ఒకావిడ మిషన్ సూది కడ్డీని ఇనుప సుత్తితో కొట్టాను. కడ్డీ వంగిపోయింది, ఆ మిషన్ మళ్ళీ సరిగ్గా కుట్టలేదు. ఆవిడ ఆ మిషన్ మీదే బతికేది. ఇప్పటికీ బాధే నాకు.

బెల్టు తీసెయ్. సూది, గుడ్డను నొక్కి పట్టే పాదం, కింది దారం ఉండే బాబిన్ కేస్, దాని చుట్టూ తిరిగే షటిల్ కూడా తియ్యి. షటిల్ తిరిగే చోట తెగిన దారం ముక్క చుట్టుకుని ఉందేమో సన్నటి పట్టకారుతో చూడు. ఒక్కోసారి అంతటితోనే చక్రం కదులుతుంది. కదలకపోతే చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి మరను వదులు చెయ్యి. అప్పుడు చక్రం ఒంటరిగా తిరిగితే పట్టేసింది లోపల అని అర్థం.

ఎడమ వైపు మూత, వెనక గుండ్రటి మూత తీసి, మిషన్‌ని వెనక్కి వాల్చి, ఇనుము ఇనుమును రాసుకునే ప్రతిచోటా రెండేసి చుక్కలు కిరసనాయిలు వెయ్యి. రాత్రంతా వదిలెయ్. పొద్దున్న చక్రాన్ని ముందుకీ వెనక్కీ వెంట్రుకంత ఊపు. మళ్ళీ చుక్కలు, మళ్ళీ రాత్రి. నాలుగైదు రోజులు పట్టినా తొందరపడకు. మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో ఆ చోటును చెయ్యి పెట్టగలిగేంత వేడి చెయ్యి. కిరసనాయిలు వేసిన చోట ఆ పని చెయ్యకు. ముందు పొడిగా తుడిచి, వేడి చేసి, డ్రయ్యర్ తీసి దూరంగా పెట్టాకే మళ్ళీ చుక్కలు వెయ్యి. కిరసనాయిలు దొరక్కపోతే మిషన్ ఆయిల్‌తోనే ఇదంతా చెయ్యొచ్చు, రోజులే ఎక్కువ పడతాయి.

స్క్రూ రాకపోతే, దాని గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవర్ వెతుక్కో. వదులుగా ఉన్నదానితో తిప్పితే గాడి చెదిరిపోతుంది, ఇక దాన్ని తియ్యడం నా వల్ల కూడా కాదు. ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు చెయ్యి. పట్టు విడవడానికి అదే మంచి మార్గం. ప్రతి మర తీసే ముందు ఫొటో తీసుకో. చక్రం మధ్యలోని ముళ్ళ వాషర్ తిరగబడితే చక్రం పట్టు దొరకదు. అప్పుడు దాన్ని సగం తిప్పి పెడితే సరిపోతుంది.

ఒంటి మీద బంగారు రంగు పువ్వులూ అక్షరాలూ ఉన్నాయి కదా, వాటి జోలికి థిన్నర్, స్పిరిట్ రానివ్వకు, లేచిపోతాయి. మిషన్ ఆయిల్ అద్దిన మెత్తటి పాత నూలు గుడ్డ చాలు.

చక్రం తిరగడం మొదలయ్యాక కిరసనాయిలు అలాగే వదిలేస్తే ఇనుము అరిగిపోతుంది. అంతా తుడిచి మిషన్ ఆయిల్ వెయ్యి. దారం లేకుండా కాసేపు తిప్పితే నల్లటి మడ్డి బయటికొస్తుంది. అది రావడం ఆగే వరకూ తుడుస్తూ ఆయిల్ వేస్తూ ఉండు.

బాబిన్ కేస్‌ని తుప్పు తినేసి ఉంటే పాలిష్ చెయ్యాలని చూడకు, దారం తెగుతూనే ఉంటుంది. కొత్తది శ్రీకాకుళంలో కొని, సంక్రాంతికి వచ్చేటప్పుడు నేనే తెస్తాను. పాతది పారెయ్యకుండా దాచు, కొలత చూసుకోవాలి.

మీ మావయ్య