ఒకే చదువు, ఒకే జీతంతో మొదలైనవాళ్ల మధ్య కొన్నేళ్లకే అంత తేడా ఎందుకు వస్తుంది?

తెలివి, కష్టం, అదృష్టం అని చాలామంది చెబుతారు. కాదనను. కానీ నేను దగ్గర్నుంచి చూసినంతలో, జీతం ఆగిపోతే ఆ ఇల్లు ఎన్నాళ్లు తట్టుకోగలదన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

నేనూ, మా టీంలో ఇంకొకతనూ ఒకే బ్యాచ్. ఇద్దరిదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ప్రాజెక్టు ఆగిపోగానే ఇద్దర్నీ తీసేశారు. మా నాన్న పర్మనెంట్ ఉద్యోగం చేసి రిటైరయ్యారు, పెన్షన్ వస్తుంది. నేను ఇంటికి పంపాల్సిన పని లేదు. అందుకే నచ్చని ఆఫర్లు వదిలేసి, ఇంకో కోర్సు నేర్చుకుని, మంచి ఉద్యోగం దొరికేదాకా ఆగాను. అతని జీతం మీదేమో తల్లి మందులు, చెల్లి చదువు, అప్పు వాయిదాలు నడిచేవి. పాత జీతం కంటే తక్కువే అయినా మొదట దొరికినదాంట్లో చేరిపోయాడు. ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా "ఇప్పుడెంత వస్తోంది?" దగ్గరే బేరం మొదలు. ఆ తక్కువ అంకె అతన్ని వదల్లేదు. (పనిలో నాకంటే అతనే చురుకు. టీంలో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు.)

పర్మనెంట్ ఉద్యోగాల్లో వ్యాపారం తగ్గిన దెబ్బ కొంతైనా సంస్థ భరించేది. కాంట్రాక్టు పనుల్లో, గిగ్ పనుల్లో (డెలివరీలాంటి, పని చేసినంతకే డబ్బులిచ్చేవి) అది నేరుగా ఇంటి మీద పడుతుంది. డెన్మార్క్‌లో ఉద్యోగంలోంచి తీసేయడం తేలికే, కానీ నిరుద్యోగ బీమాలో చేరినవాళ్లకు గరిష్ఠంగా 2 ఏళ్ల దాకా భృతి ఇస్తారు. ఆ వెసులుబాటు లేనిచోట పెన్షన్ వచ్చే తండ్రి ఉండటమే బీమా.

అలాగని నా కథ సాఫీగా సాగిందనుకోకండి. పాప పుట్టాక పని గంటలు తగ్గించుకున్నది నేనే, మావారు కాదు. ఎవరూ బలవంతపెట్టలేదు. రాత్రీ పగలూ ఫోన్‌కి దొరికే మనిషికే వాళ్ల ఆఫీసులో పెద్ద ఇంక్రిమెంట్లు, కాబట్టి ఒకరం అలా ఉండి ఇంకొకరం ఇల్లు చూసుకుంటే లాభమని ఇద్దరం కూర్చుని లెక్కేసుకున్నాం. 2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చెప్పినదీ ఇదే: సమయమంతా ఇచ్చేవాళ్లకే విపరీతంగా చెల్లించే ఉద్యోగాల వల్ల, సమానంగా చదువుకున్న దంపతుల మధ్య కూడా సంపాదనలో తేడా పెరుగుతుంది. అంత మంచి సెలవులు, శిశు సంరక్షణ ఉన్న డెన్మార్క్‌లోనే, మొదటి బిడ్డ తర్వాత ఆడవాళ్ల సంపాదన మగవాళ్లతో పోలిస్తే దీర్ఘకాలంలో దాదాపు 20 శాతం వెనకబడుతోందని 2019లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. తండ్రుల సంపాదనలో చెప్పుకోదగ్గ మార్పే లేదు.

తర్వాత మళ్లీ ఫుల్‌టైంకి మారాను, నేను ట్రైనింగ్ ఇచ్చిన అబ్బాయి కింద. పాపని చూసుకోవడానికి ఒకావిడని పెట్టుకున్నాం. ఆవిడ పిల్లల్ని వాళ్ల పెద్దమ్మాయి చూసుకుంటుంది, బడి మానేసి. ఆ అమ్మాయికి సాయంత్రాలు పాఠాలు చెబుతున్నాను గానీ, మానేసిన క్లాసులన్నీ దాంతో పూడతాయన్న నమ్మకం నాకు లేదు.