రొయ్యల సుంకం, చద్దా వీసా, మూసిన తలుపు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం అమెరికా గురించే. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పాను. అప్పుడు క్లాసులో ఎవరూ అడగని ప్రశ్నలు ఇప్పుడు సీతమ్మధార రైతుబజారులో వంకాయలు ఏరుకుంటూ అడుగుతున్నారు. సరే, వరసగా చూద్దాం.

ప్రశ్న: మాస్టారూ, మాది రొయ్యల ఎగుమతి. 2025 ఆగస్టులో అమెరికా ముందు 25 శాతం, ఇరవై రోజులకి ఇంకో 25 శాతం సుంకం వేసింది. ఒక్క మనిషి సంతకం పెడితే ఇంత పన్ను పడిపోతుందా? వాళ్లకి పార్లమెంటు లేదా? – ఒక ఎగుమతిదారు, విశాఖపట్నం

జవాబు: ఉందండీ. పన్ను వేసే అధికారం రాజ్యాంగం ఇచ్చింది కూడా దానికే. మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్ మొదలయ్యేదే ఆ మాటతో: పన్నులు, సుంకాలు విధించేది కాంగ్రెస్. (కాంగ్రెస్ అంటే వాళ్ల పార్లమెంటు. ఏటా ఒక కుర్రాడైనా దాన్ని మన కాంగ్రెస్ పార్టీ అనుకుని పరీక్షలో గాంధీగారి గురించి రాసేవాడు.)

మరి ఆ అధికారం అధ్యక్షుడి చేతికి ఎలా చేరింది? కాంగ్రెసే ఇచ్చుకుంది. 1930లో స్మూట్-హాలీ చట్టం పేరుతో సుంకాలు ఎడాపెడా పెంచి చేతులు కాల్చుకున్నారు. 1934లో, ఇతర దేశాలతో బేరమాడి సుంకాలు తగ్గించే పని అధ్యక్షుడికి అప్పగించారు. 1977లో ఇంకో చట్టం చేశారు. విదేశాల నుంచి అసాధారణమైన ముప్పు వస్తే అధ్యక్షుడు అత్యవసర పరిస్థితి ప్రకటించి దిగుమతులను నియంత్రించవచ్చని అందులో ఉంది. సుంకం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. మీ వనామీ రొయ్యల కంటైనర్ మీద పడిన 50 శాతం ఆ 'నియంత్రించవచ్చు' అన్న ముక్క పట్టుకుని వేసిందే.

ఇచ్చినది వెనక్కి తీసుకోలేరా అని మీరు అడగలేదు గానీ నేను చెప్పక మానను. నాకు బాగా ఇష్టమైన కథ అది.

మొదట్లో తీసుకోగలిగేవారే. బ్యాంకు లాకరుకి రెండు తాళంచెవులు ఉంటాయి చూడండి, ఒకటి మనది, ఒకటి మేనేజరుది. అలాగే అత్యవసర పరిస్థితి చాలు అని రెండు సభలూ తీర్మానం చేస్తే అక్కడితో ఆగిపోయేది. అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు. ఆ రెండో తాళంచెవి పోయింది మనవాడు ఒకడి వీసా కేసులో.

జగదీశ్ రాయ్ చద్దా కెన్యాలో పుట్టిన భారతీయ సంతతి కుర్రాడు. చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు. 1966లో చదువుకోడానికి ఒహాయో వెళ్లాడు. 1972లో వీసా గడువు తీరిపోయింది. పంపించేయక్కర్లేదు, ఉండనివ్వండి అని ఇమ్మిగ్రేషన్ జడ్జి అన్నాడు. అయితే అలాంటి నిర్ణయాన్ని ఒక్క సభ తీర్మానంతో కొట్టేయవచ్చని అప్పటి చట్టంలో ఉంది. 1975 డిసెంబరులో ప్రతినిధుల సభ చర్చ కూడా లేకుండా చద్దాతో కలిపి ఆరుగురిని వెళ్లిపొమ్మంది. ఆయన వెళ్లలేదు, కోర్టుకెక్కాడు. 1983లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆయన పక్షాన తీర్పిచ్చింది. చట్టం లాంటి నిర్ణయం ఏదైనా రెండు సభలూ దాటి, అధ్యక్షుడి బల్ల మీదికి వెళ్లాల్సిందేనని చెప్పింది.

చద్దా బతికాడు. కానీ ఆ ఒక్క తీర్పుతో రెండు వందలకు దగ్గరగా ఉన్న చట్టాల్లో కాంగ్రెస్ దాచుకున్న తాళంచెవులు పనికిరాకుండా పోయాయి. ఇప్పుడు అత్యవసర పరిస్థితిని ఆపాలంటే ఎవరు ప్రకటించారో వాళ్లే సంతకం పెట్టాలి! పెట్టకపోతే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. సరిహద్దు గోడ కోసం ట్రంప్ 2019లో ప్రకటించిన అత్యవసర పరిస్థితిని రెండు సభలూ వద్దన్నాయి. ఆయన వీటో చేశారు. ప్రతినిధుల సభలో 248 ఓట్లు వచ్చినా చాలలేదు.

ఇక మిగిలింది కోర్టు. 2025 మేలో వాణిజ్య కోర్టు, ఆగస్టు 29న అప్పీలు కోర్టు 7-4తో, ఆ 1977 చట్టం కింద ఇలాంటి సుంకాలు చెల్లవన్నాయి. అయినా తుది మాట వచ్చేదాకా వసూలు ఆగలేదు. సుప్రీంకోర్టు నవంబరు 5న వాదనలు విని, 2026 ఫిబ్రవరిలో అవి చెల్లవని తేల్చింది. కానీ మన రొయ్యల మీద ముందునుంచీ ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా సరుకు దించుతున్నారని వేసేది) దీనితో పోదు, అది వేరే చట్టం. ఇంకో మాట. ఒకవేళ డబ్బు వెనక్కి ఇవ్వమంటే అక్కడి కస్టమ్స్ కాగితాల్లో దిగుమతిదారుగా ఎవరి పేరుందో వాళ్లకే వస్తుంది. మన వ్యాపారులు చాలామంది సుంకం తామే కట్టే డీడీపీ షరతు మీద సరుకు పంపుతారు. మీరూ అంతే అయితే ఆ కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకోండి.

ప్రశ్న: ఉపాధ్యక్షుడు వాన్స్ గారి భార్య ఉష మన తెలుగమ్మాయే కదా! ఆయనకి అక్కడ పనేమిటి? – ఒక గృహిణి, పెదవాల్తేరు

జవాబు: ఆవిడ తల్లిదండ్రులది ఆంధ్ర మూలం, ఆవిడ పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. ఆయన పని కాంగ్రెస్‌లోని ఎగువ సభ సెనేట్‌కి అధ్యక్షత వహించడం, ఓట్లు సమానమైతే తన ఓటు వేయడం. 2025లో రక్షణ మంత్రి నియామకమూ, జూలై 1న పెద్ద పన్నుల బిల్లూ ఆయన ఓటుతోనే 51-50గా గట్టెక్కాయి. మన ఉపరాష్ట్రపతి రాజ్యసభ నడపడం కూడా అదే పోలిక. ఆంధ్రా యూనివర్సిటీలో లా చదివిన వెంకయ్యనాయుడు గారు అయిదేళ్లు కూర్చున్నది అలాంటి కుర్చీలోనే.

ప్రశ్న: సర్, 2016లో హిల్లరీకి దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోయారు. ఇదేం ప్రజాస్వామ్యం? – ఎం.ఏ. విద్యార్థి, ఆంధ్రా యూనివర్సిటీ

జవాబు: బాబూ, అక్కడ జరిగేది ఒక ఎన్నిక కాదు. యాభై రాష్ట్రాల్లోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ విడివిడిగా జరిగే 51 ఎన్నికలు. ప్రతి రాష్ట్రానికీ దాని ప్రతినిధుల సంఖ్యకు ఇద్దరు సెనేటర్లను కలిపినన్ని ఎలక్టోరల్ ఓట్లు. రాజధానికి మూడు. మొత్తం 538, గెలుపుకి 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా చోట్ల ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా రాష్ట్రం మొత్తం వాళ్లదే. కాలిఫోర్నియాలో లక్షల ఓట్ల మెజారిటీ వచ్చినా అదనంగా ఒరిగేది సున్నా. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్లు బుష్‌ని అధ్యక్షుణ్ణి చేశాయి. ఓట్లు తక్కువ వచ్చి అధ్యక్షులైనవాళ్లు ఇప్పటికి అయిదుగురు.

చిన్న రాష్ట్రాల రక్షణ కోసం ఇలా పెట్టారని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది సగమే నిజం. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తున్నప్పుడు, ప్రజలే నేరుగా ఎన్నుకోవచ్చు కదా అన్న మాట వచ్చింది. దక్షిణాది రాష్ట్రాల జనాభాలో పెద్ద భాగం బానిసలు, వాళ్లకు ఓటు లేదు. నేరు ఎన్నికైతే దక్షిణాది ఓడిపోతుంది. ప్రతినిధుల సభ సీట్ల లెక్కలో మాత్రం అయిదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కపెట్టేందుకు ఒప్పందం కుదిరింది. ఎలక్టోరల్ ఓట్లకూ అదే లెక్క పాకింది. ఫలితం చూడు: మొదటి 36 ఏళ్లలో 32 ఏళ్లు అధ్యక్షులు వర్జీనియావాళ్లే, అదీ బానిసలు అందరికన్నా ఎక్కువున్న రాష్ట్రం. నేను సర్వీసులో ఉండగా ఇది చెబితే, సిలబస్‌లో లేదు కదండీ అనేవారు.

అన్నట్టు మన రాష్ట్రపతి ఎన్నికలోనూ ఓటుకి విలువ ఉంటుంది. మన రాష్ట్ర ఎమ్మెల్యే ఓటు 159, ఉత్తరప్రదేశ్‌ది 208, సిక్కింది 7. అదీ 1971 జనాభా లెక్క మీద. దాని మీద నువ్వొక ప్రాజెక్టు రాయి, నాకు చూపించు.

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. ఉద్యోగం మారదామంటే 2025 అక్టోబరంతా కాగితం కదల్లేదు, ప్రభుత్వం మూసేశారమ్మా అన్నాడు. ప్రభుత్వాన్ని మూసేయడమేమిటి? టెన్షన్‌తో నిద్రపట్టలేదు. – ఒక తల్లి, మధురవాడ

జవాబు: మీవాడు నిజమే చెప్పాడమ్మా. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం మారాలంటే ముందు కార్మిక శాఖ ఓ కాగితం ఇవ్వాలి. ఆ విభాగం అక్టోబరు చివరిదాకా పనిచేయలేదు. వీసా దరఖాస్తులు చూసే ఆఫీసు మాత్రం ఫీజుల డబ్బుతో నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంది.

మన దగ్గర బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వం పడిపోతుంది, ఆలస్యమైతే ఓటాన్ అకౌంట్ ఉంది. అక్కడ అధ్యక్షుడూ పడిపోడు, కాంగ్రెసూ రద్దవదు. చట్టం లేకుండా ఖజానా నుంచి పైసా తీయకూడదని రాజ్యాంగంలో ఉంది, అంతే. వాళ్ల ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆ రోజుకి బిల్లు లేకపోతే తాళం. ఒకప్పుడు ఇలా జరిగినా ఆఫీసులు ఎలాగోలా నడిచిపోయేవి. 1980లో అటార్నీ జనరల్ సివిలెట్టి, 1884 నాటి పాత చట్టం ప్రకారం మూయాల్సిందేనని అభిప్రాయం ఇచ్చాక ఈ మూతలు మొదలయ్యాయి. ఈసారి ట్రంప్ పార్టీ రిపబ్లికన్లకు సెనేట్‌లో 53 మందే. చర్చ ముగించి ఓటింగ్‌కి వెళ్లాలంటే 60 కావాలి. ఆ 60 రాజ్యాంగంలో లేదు, సెనేట్ తనకు తాను పెట్టుకున్న నియమం. ఆరోగ్య బీమా రాయితీల దగ్గర పట్టు బిగిసింది. నవంబరు 12 దాకా 43 రోజులు, అప్పటికి ఇదే రికార్డు.

అంతకు ముందు రికార్డు 35 రోజులు. అందులో నేనూ ఇరుక్కున్నాను. 2019 జనవరిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. జీవితమంతా పాఠం చెప్పిన ఆ రాజ్యాంగం అసలు ప్రతి, నాలుగు తోలు కాగితాలు, కళ్లారా చూడాలని ఒక్కటే కోరిక. మా ఆవిడ మంకీ క్యాప్ పెట్టి, రెండు స్వెట్టర్లు తొడిగి పంపింది. ఎముకలు కొరికే చలిలో ఆ ప్రతి ఉంచిన భవనం మెట్ల దాకా వెళితే తలుపులు మూసి ఉన్నాయి. ఆ కాగితాల్లో రాసిన వాక్యం వల్లే ఆ కాగితాలున్న తలుపు మూశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన బండి మీద వేడి కాఫీ తాగి వచ్చేశాం.

మళ్లీ రమ్మని అమ్మాయి పోరింది. 2025 నవంబరులో ఇచ్చిన నిధులు చాలా శాఖలకు 2026 జనవరి 30 దాకానే. ఆ తేదీ దాటనిచ్చి టికెట్ చూడమన్నాను.