టెక్ సందేహాలు: ఒకే కెనాల్, రెండు కొలతలు

ప్రశ్న: దంతవైద్యంలో పీజీ చేస్తున్నాను. సీబీసీటీ (దంతాలు, దవడలను 3డీలో చూపే ఎక్స్‌రే) స్కాన్‌లో ఒక రూట్ కెనాల్ పొడవు, స్కానర్‌తో ఇచ్చిన వ్యూయర్‌లో 20.6 మి.మీ. వచ్చింది. అదే స్లైస్‌ను జేపెగ్‌గా సేవ్ చేసి, ఆన్‌లైన్‌లో దొరికిన ఉచిత టూల్‌లో కొలిస్తే 27.25 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: జేపెగ్‌ను మాత్రం నమ్మకండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. మీ వాక్సెల్ (3డీ స్కాన్‌లో అతి చిన్న గడి) 0.2 మి.మీ. అయితే 20.6 అంటే 103 పిక్సెళ్లు. జేపెగ్ చేయగానే ఆ 0.2 సంగతి గల్లంతు. టూల్ అంగుళానికి 96 పిక్సెళ్లని తనంతట తానే అనేసుకుంది, అంటే పిక్సెల్‌కు 0.2646 మి.మీ. దాన్ని 103తో హెచ్చవేయండి, మీ 27.25 వచ్చేస్తుంది.

డైకామ్ ఫైలులోనే (మెడికల్ స్కాన్లను దాచే ప్రామాణిక ఫైలు) కొలవండి, పిక్సెల్ స్పేసింగ్, అంటే ఒక్కో పిక్సెల్ ఎన్ని మి.మీ. అన్న లెక్క, అందులో భద్రంగా ఉంటుంది. వంపు తిరిగిన కెనాల్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే గీత గీస్తే పొడవు తగ్గిపోతుంది. వంపు వెంట చుక్కలు పెట్టుకుంటూ వెళ్లండి. 0.2 వాక్సెల్ స్కాన్‌కు 20.637 అని మూడు దశాంశాలు చూపించే సాఫ్ట్‌వేర్లంటే నాకు ఒళ్లు మంట. లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపించడమెందుకు? అపెక్స్ లొకేటర్‌తో (పంటి వేరు కొన ఎక్కడుందో చూపే పరికరం) సరిచూసుకోవాలని మీకు వేరే చెప్పక్కర్లేదు.

అన్నట్టు, ఆ ఉచిత టూల్ ఎవరిది? నా మాట విని రేపు డైకామ్ ఫైలునే దాంట్లోకి ఎక్కించేస్తారేమోనని నా భయం. ఆ ఫైలు హెడర్‌లో (చిత్రంతో పాటు వివరాలు దాచే భాగం) పేషెంట్ పేరు, పుట్టిన తేదీ, స్కాన్ తీసిన చోటు, అన్నీ ఉండొచ్చు. ఫైలుకు ‘కేస్ 1’ అని పేరు మార్చినంత మాత్రాన అవి చెరిగిపోవు. అనానిమైజ్ చేశాక (పేషెంట్ వివరాలు చెరిపాక) కూడా హెడర్ తెరిచి చూడండి. తయారీదారు సొంతంగా పెట్టుకున్న ట్యాగుల్లో పేరు మిగిలిపోతుంటుంది. తల భాగం ఎక్కువగా పడిన స్కానైతే ట్యాగులన్నీ చెరిపినా 3డీలో ముఖం ఆకారం లేచొస్తుంది. కాబట్టి కావలసిన పన్ను వరకే కత్తిరించి, నెట్‌తో పనిలేని వ్యూయర్‌లో మీ కంప్యూటర్‌లోనే కొలుచుకోండి.

ఎవరో పంపిన డైకామ్ ఫైళ్లతోనూ జాగ్రత్త. మొదటి 128 బైట్లలో ఏం రాసుకున్నా ఆ ప్రమాణం అడ్డు చెప్పదు. అక్కడ ప్రోగ్రామ్‌ను దాచి, స్కాన్‌లానూ తెరుచుకునే ఫైలు తయారుచేయొచ్చని 2019లో బయటపడింది.

ఇంతా చేసి, ఎక్స్‌పోర్ట్ నొక్కితే జేపెగ్‌ను ముందు పెట్టి, అనానిమైజ్‌ను ఎక్కడో లోపలి మెనూలో దాచేవాళ్లను ఏమనాలి?