నలుగురు కూడి తినేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. ఇంట్లో తింటే బాగున్న వంట స్నేహితుల ముందు మూత తీసేసరికి ముద్దగానో, మెత్తగానో, పుల్లగానో మారుతోంది. చాలాసార్లు లోపం వంటలో ఉండదు. పొయ్యి మీంచి దించాక తినేదాకా ఎన్ని గంటలు పడుతుంది, ఆలోపు మూత కింద ఎంత ఆవిరి చేరుతుంది అన్నది చూసుకోకపోవడంలో ఉంటుంది. అందుకే కొలతలతో పాటు ఏది ఎప్పుడు కలపాలో, ఎప్పుడు మూత పెట్టాలో కూడా చెబుతున్నాం.

*ఆదివారం పార్కులో 12 మందిమి కలుస్తున్నాం. తలా ఒక వంటకం తేవాలి. నా వంతు చింతపండు పులిహోర. ఎంత బియ్యం పోయాలి? పోయినసారి మధ్యాహ్నానికి ముద్దయిపోయింది.* (విజయవాడ)

పులిహోర ఒక్కటే భోజనమైతే కిలో బియ్యం 8 నుంచి 10 మందికి వస్తుంది. మీరు తలా ఒకటి తెస్తున్నారు కాబట్టి 12 మందికి 750 గ్రాములు చాలు. కింది కొలతలు కిలోకి రాస్తున్నాం, మీరు ముప్పావు వంతు వేసుకోండి.

చింతపండు 100 నుంచి 120 గ్రాములు, నూనె 150 మిల్లీలీటర్లు (నువ్వుల నూనె అయితే మరీ మంచిది), ఉప్పు 35 గ్రాములు, పసుపు ఒక టీస్పూను, పచ్చిమిర్చి 12, ఎండుమిర్చి 8, వేరుశెనగ గుళ్లు 100 గ్రాములు, శెనగపప్పు 3 టేబుల్ స్పూన్లు, మినప్పప్పు 2 టేబుల్ స్పూన్లు, ఆవాలు ఒక టేబుల్ స్పూను, ఇంగువ అర టీస్పూను, ఉసిరికాయంత బెల్లం.

ముద్ద కావడానికి మొదటి కారణం కొత్త బియ్యం. కనీసం ఆరు నెలలైనా నిలవున్న సోనా మసూరి తీసుకోండి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల కన్నా కాస్త తక్కువ నీళ్లు పోయండి. కుక్కరులో పెడితే ఆవిరి దిగిన వెంటనే మూత తీసేయాలి, లేకపోతే అన్నం లోపలే ఇంకా మగ్గుతూ ఉంటుంది. వెడల్పాటి బేసిన్‌లోకి వంపి, రెండు మూడు స్పూన్ల నూనె, పసుపు, పచ్చి కరివేపాకు వేసి పలచగా పరవండి. అన్నం వేడికి కరివేపాకు వాసన దానంతటదే దిగుతుంది. పూర్తిగా చల్లారేదాకా గరిటె పెట్టి కలపకండి. రెండో కారణం ఇదే: వేడి మెతుకు మెత్తగా ఉంటుంది, కలిపితే విరుగుతుంది, విరిగితే గంజి బయటికొచ్చి అంటుకుంటుంది.

పులుసు చిక్కగా తీసి, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, బెల్లం, సగం నూనె వేసి అంచుల్లో నూనె తేలేదాకా ఉడికించండి. ఇక్కడ తొందరపడితే పచ్చి వాసన రావడమే కాక, పులుసులో మిగిలిన నీరు అన్నంలోకి దిగి మధ్యాహ్నానికి మెత్తబరుస్తుంది. చల్లారిన అన్నంలో ముందు పులుసు, తరవాత పోపు కలపండి. వేయించిన వేరుశెనగ గుళ్లు మాత్రం విడిగా చిన్న డబ్బాలో తీసుకెళ్లి వడ్డించే ముందు కలపండి. రాత్రే పులుసు చేసి ఉంచుకుంటే పొద్దున పని సగం తగ్గుతుంది, పులుసుకి రుచి కూడా వస్తుంది.

ఆవపిండి వేసే అలవాటుంటే అన్నం చల్లారాకే వేయండి. వేడి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. డబ్బా మూత కూడా అన్నం చల్లబడ్డాకే పెట్టాలి. వేడిగా మూసేస్తే మూతకి పట్టిన నీటి బొట్లు పై పొర మీదే పడతాయి.

*ఆఫీసులో నలుగురం బాక్సులు కలుపుకుని తింటాం. పొద్దున 7 గంటలకు కలిపిన పెరుగన్నం ఒంటిగంటకు పులిసిపోతోంది. ఏం చేయాలి?* (హైదరాబాద్)

పెరుగుతో కాక పాలతో కలపండి. 200 గ్రాముల బియ్యాన్ని 700 మిల్లీలీటర్ల నీళ్లలో మెత్తగా ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే మెదిపి ఉప్పు వేయండి. కాచిన పాలు 400 మిల్లీలీటర్లు పోసి గోరువెచ్చగా అయ్యాక కమ్మటి పెరుగు 2 టేబుల్ స్పూన్లు కలపండి. దారిలోనూ ఆఫీసులోనూ అది నెమ్మదిగా తోడుకుంటుంది, భోజనం వేళకి కమ్మగా ఉంటుంది. మొదట చూస్తే మరీ పలచగా కనిపిస్తుంది, కంగారు పడకండి. అన్నం పాలు పీల్చుకుని గట్టిపడుతుంది. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేస్తే మాత్రం తోడుకోదు. ఎండలు ముదిరిన నెలల్లో తోడు ఒక్క స్పూనుకి తగ్గించండి. దానిమ్మ గింజలు ముందే కలపొచ్చు. కీరా, ఉల్లిపాయ ముక్కలు ఉప్పుకి నీరు వదులుతాయి కాబట్టి తినే ముందు వేసుకోవాలి.

బాక్సులు కలుపుకునే వారందరికీ ఇంకో మాట. ఎవరూ ముద్ద నోట్లో పెట్టకముందే అందరి పళ్లేల్లోకి వడ్డించేయండి, ప్రతి డబ్బాకి విడి చెంచా ఉంచండి. ఎంగిలి విషయంలో మన పెద్దల పట్టింపు ఆరోగ్యపరంగా కూడా సబబే. నోట్లో పెట్టిన చెంచా తగిలిన పెరుగూ పప్పూ సాయంత్రం దాకా నిలవవు. మాంసాహారం తినని వారుంటే వాళ్ల డబ్బాల్లోకి మాంసం కూరలో పెట్టిన చెంచా వెళ్లకూడదు. కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవారుంటారు, శనివారం ఒంటిపూట ఉండేవారుంటారు. వేరుశెనగ, జీడిపప్పు పడని వారుంటే అది ఇష్టాయిష్టాల సంగతి కాదు, ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం. కొత్తగా ఎవరైనా మీతో భోజనానికి చేరిన రోజే అడిగి తెలుసుకోండి.

*హాస్టల్లో పొయ్యి లేదు, కరెంటు కెటిల్ మాత్రం వాడనిస్తారు. ముగ్గురం రాత్రిళ్లు అందులోనే నూడుల్స్ వండుకుంటున్నాం. అడుగు మాడుతోంది, ఒక్కోసారి పొంగి బల్ల మీద పడుతోంది.* (తిరుపతి)

కెటిల్లో నీళ్లు తప్ప ఏవీ కాయకండి. నీళ్లు మరిగినప్పుడు ఆవిరి ఒక సన్నని దారిలో వెళ్లి లోపలున్న లోహపు పట్టీని వేడి చేస్తుంది, అది వంగి స్విచ్ ఆపుతుంది. నూడుల్స్ పొంగుతున్నాయని మీరు మూత తెరిచి పెడితే ఆవిరి అటు వెళ్లదు, కెటిల్ ఆగదు. గంజి అడుగున పట్టి మాడుతుంది, ఆ పొర వల్ల తరవాత నీళ్లు కాయడానికి కూడా ఎక్కువ సమయం పడుతుంది. పాలు కాస్తే ఇంకా త్వరగా పాడవుతుంది.

ఇలా చేయండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో 70 గ్రాముల నూడుల్స్ బిళ్ల, మసాలా పొడి వేసి, సలసల మరిగే నీళ్లు 200 మిల్లీలీటర్లు పోసి, బిళ్ల మునిగేలా నొక్కి మూత పెట్టండి. డబ్బాను తువ్వాలులో చుట్టి 5 నిమిషాలు వదిలేయండి. స్టీలు వేడిని త్వరగా బయటికి పోనిస్తుంది కాబట్టి తువ్వాలు తప్పనిసరి. ముగ్గురికీ మూడు డబ్బాలు పెట్టుకోండి. ఒకే గిన్నెలో మూడు బిళ్లలు కుక్కితే మధ్యవి ఉడకవు.

సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఉప్మా పొడి చేయించి తెచ్చుకుంటే నూడుల్స్ కన్నా కడుపు నిండుతుంది. అరకిలో బొంబాయి రవ్వకి 60 మిల్లీలీటర్ల నూనె. ఆవాలు ఒక టీస్పూను, శెనగపప్పు 2 టేబుల్ స్పూన్లు, మినప్పప్పు ఒక టేబుల్ స్పూను, జీడిపప్పు 50 గ్రాములు, ఎండుమిర్చి 6, కరివేపాకు 4 రెబ్బలు పోపు వేయాలి. కరివేపాకు చేత్తో నలిపితే పొడి అయ్యేంతగా వేగాలి. అందులోనే రవ్వ పోసి, సన్నని సెగ మీద పలుకు పలుకూ విడిగా జారేదాకా 10 నుంచి 12 నిమిషాలు కలుపుతూ వేయించి, 3 టీస్పూన్ల ఉప్పు, అర టీస్పూను శొంఠిపొడి కలపాలి. పచ్చి అల్లం, పచ్చిమిర్చి వేయకూడదు. వాటి తడికి బూజు పడుతుంది. పూర్తిగా చల్లార్చి పొడి సీసాలో పోస్తే నెల రోజులు ఉంటుంది. సీసాలో తడి చెంచా పెట్టకండి.

తినేటప్పుడు కప్పు పొడిని డబ్బాలో పోసి, రెండుంపావు కప్పుల మరిగే నీళ్లు ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలపండి. ఒక్కసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. తువ్వాలు చుట్టి 8 నిమిషాలు ఉంచాలి. రవ్వ ఉబ్బుతుంది కాబట్టి డబ్బా పెద్దదిగా ఉండాలి. కప్పు పొడి ఇద్దరికి సరిపోతుంది.

*ఇంట్లో పొయ్యి మీద ఆరు నూడుల్స్ ప్యాకెట్లు ఒకేసారి వండితే జావలా ఎందుకు అవుతోంది?* (రాజమహేంద్రవరం)

ప్యాకెట్‌కి ఇన్ని నీళ్లని ఆరుతో గుణించడం వల్ల. పెద్ద గిన్నెలో నీరు ఆ నిష్పత్తిలో ఆవిరి కాదు. ఒకదానికి 220 మిల్లీలీటర్లు పోసేవారు ఆరింటికి 1,100 పోస్తే చాలు. లోతు గిన్నె కాకుండా వెడల్పాటి బాణలి పెట్టండి. క్యారెట్, బీన్స్ సన్నగా తరిగి ముందు నీళ్లలో 3 నిమిషాలు మరిగించాకే బిళ్లలు వేయండి. అడుగున కాస్త రసం ఉండగానే పొయ్యి ఆపాలి, పళ్లేల్లోకి వెళ్లేలోపు అదీ పీల్చుకుంటుంది.

*సాయంత్రం ఆరుగురు వస్తే బండి మీద దొరికే పిడత కింద పప్పు ఇంట్లో చేయాలని ఉంది. మావి మరమరాలు మెత్తబడుతున్నాయి.* (గుంటూరు)

బండివాళ్లు నిప్పులున్న పిడతతో మరమరాలని వెచ్చగా ఉంచుతారు, అడిగాకే కలుపుతారు. ఈ రెండూ పాటిస్తే చాలు. 150 గ్రాముల మరమరాలు ఒట్టి బాణలిలో, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యేదాకా వేయించండి. కలిపే వరస ముఖ్యం. ముందు 2 టేబుల్ స్పూన్ల నూనె, టీస్పూను కారం, ముప్పావు టీస్పూను ఉప్పు మరమరాలకి పట్టించండి. నూనె పట్టిన మరమరం తడిని త్వరగా పీల్చుకోదు. తరవాత 100 గ్రాముల వేయించిన వేరుశెనగ గుళ్లు, 100 గ్రాముల కారప్పూస. ఆ తరవాత సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, గింజలూ రసమూ తీసేసిన రెండు టమాటాలు, తురిమిన క్యారెట్, కొత్తిమీర. చివరగా ఒకటిన్నర నిమ్మకాయ రసం. అతిథులు కూర్చున్నాకే కూరముక్కలు కలపండి, 5 నిమిషాల్లో తినేయాలి. రెండో విడత కావాలంటే మళ్లీ కలపండి గాని ఒకేసారి ఎక్కువ కలిపి పెట్టకండి.

*సర్వపిండి స్నేహితులకి తీసుకెళ్లాలి. నాది అంచుల్లో పగులుతోంది, మధ్యలో పచ్చిగా ఉంటోంది.* (వరంగల్)

పగలడానికి చన్నీళ్లు కారణం, పచ్చిదనానికి మందం. రెండు కప్పుల బియ్యప్పిండికి గంటసేపు నానిన శెనగపప్పు 3 టేబుల్ స్పూన్లు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పావు కప్పు, నువ్వులు 2 టేబుల్ స్పూన్లు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కారం ఒకటిన్నర టీస్పూను, ఉప్పు టీస్పూనుకి కాస్త ఎక్కువ, కరివేపాకు, ఉల్లి తరుగు వేసి ముందు పొడిగానే పిసకండి. ఉల్లి తడి వదిలాకే వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. నూనె రాసిన మందపాటి గిన్నెకి అర సెంటీమీటరు మందాన ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద 10 నుంచి 12 నిమిషాలు కాల్చండి. తిరగేయక్కర్లేదు. వేడి గిన్నె మీద రెండోది ఒత్తితే చేయి కాలుతుంది, పిండి కూడా సరిగా పరుచుకోదు. రెండు గిన్నెలు మార్చి మార్చి పెట్టండి. కాలినవాటిని గుడ్డ మీద ఆరనిచ్చాకే డబ్బాలో పెట్టాలి. ఈ వంటకాన్ని ఇంకా ఎక్కువ మంది చేసుకోవాలని మా కోరిక. ఇంత తక్కువ ఖర్చుతో, గిన్నెలో నుంచే విరుచుకుని తినే చిరుతిండి అరుదు.

*అమెరికాలో ఉన్న స్నేహితురాలికి కందిపొడి తీసుకెళ్తున్నాను. ఏ జాగ్రత్తలు?* (విశాఖపట్నం)

కప్పు కందిపప్పు, పావు కప్పు పుట్నాలపప్పు, 10 ఎండుమిర్చి, టీస్పూను జీలకర్ర, 2 టీస్పూన్ల ఉప్పు. కందిపప్పు సన్నని సెగ మీద ఎర్రబడి వాసన వచ్చేదాకా, దాదాపు 12 నుంచి 15 నిమిషాలు వేయించాలి. పైన రంగు వచ్చి లోపల పచ్చిగా ఉంటే అన్నంలో జిగురుగా తగులుతుంది. చల్లారకుండా మిక్సీ పడితే ఆవిరికి గడ్డ కడుతుంది, పట్టాక కూడా పళ్లెంలో ఆరబెట్టండి. చాలా రోజులు ఉండాలంటే వెల్లుల్లి మానేయండి. ఆమె తినేరోజు ఒక రెబ్బ దంచి కలుపుకోవచ్చు.

సంచి మీద ఏముందో ఇంగ్లిషులో రాసి అంటించి, చెక్-ఇన్ సామానులో పెట్టండి. తినుబండారాలున్నాయని కస్టమ్స్ వారికి తప్పక చెప్పండి. మాంసం పచ్చళ్లు తీసుకెళ్లకండి. తాజా కరివేపాకు కూడా వద్దు. నిమ్మ, నారింజ తోటలకి తెగులు అంటించే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది కాబట్టి అక్కడ దాన్ని రానివ్వరు.

*రాత్రి స్నేహితులు తినగా మిగిలిన అన్నం పొద్దున ఫ్రైడ్ రైస్ చేయొచ్చా?* (నెల్లూరు)

గంట, రెండు గంటల్లోపు పలచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే చేయొచ్చు. చల్లటి మెతుకు విరగదు కాబట్టి దానికి అదే మంచిది. రాత్రంతా గిన్నెలోనే బయట ఉన్నదైతే వద్దు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, వెచ్చటి అన్నంలో పెరిగి విషం విడుదల చేస్తాయి. ఆ విషం మళ్లీ ఎంత వేయించినా పోదు.