పులికాట్‌లో ఇల్లు వెతుక్కుంటున్న మేనకోడలికి

రాయపురం, చెన్నై

చిరంజీవి మా అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పులికాట్ బడిలో నీకు ఉద్యోగం ఖాయమైందనీ, జూన్‌లో బడి తెరిచేలోపు అబ్బాయితో కలిసి అక్కడే కాపురం పెట్టాలనుకుంటున్నావనీ అక్కయ్య ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా ధ్యాసంతా ఆ ఊరి మీదే ఉంది. పంతొమ్మిదేళ్లు అక్కడ పాఠాలు చెప్పి ఈ రాయపురం చేరినవాణ్ణి కనుక ఆ ఊరు నాకు బాగా తెలుసు. నువ్వు కర్నూలులో పెరిగావు. పెళ్లయి చెన్నై వచ్చినా అంబత్తూరులో మూడో అంతస్తులోనే ఉన్నావు. తీరం మీద బతుకు నీకు కొత్త కాబట్టి, ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందే ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మే నెలలో చూసిన ఊరిని బట్టి ఇల్లు ఎంచుకోవద్దు. ఆ నెలలో పొద్దున్నుంచి ఉక్కపోసినా, నేల బాగా వేడెక్కాక మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి చల్లగాలి తిరుగుతుంది, సరస్సు నీళ్లు మెరుస్తుంటాయి, నీటి ఒడ్డున ఉన్న ఇల్లే స్వర్గమనిపిస్తుంది. పడమటి గాలి గట్టిగా వీచి సముద్రగాలిని రానివ్వని రోజు మాత్రం వేరు. 2003 మే 31న చెన్నైలో 45 డిగ్రీలు నమోదైంది. ఎండ సంగతి ఇంతకంటే చెప్పనక్కరలేదు, అది నీకు కర్నూలులోనే అలవాటు.

నీకు అలవాటు లేనిది ఇక్కడి వాన. మన వైపు జూన్ నుంచి ఆకాశం కేసి చూస్తాం. ఈ తీరానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు లోపల వస్తాయి. చెన్నైలో ఏడాదికి పడే సుమారు 1400 మిల్లీమీటర్లలో దాదాపు అరవై శాతం ఈ మూడు నెలలదే. అది కూడా రోజుకింత చొప్పున కాక, ఒక్కొక్క వాయుగుండంతో రెండు మూడు రోజుల్లో కుమ్మరించి పోతుంది. 2015 డిసెంబరు 1న మొదలైన వానకు తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది. అందుచేత ఏ ఇంటిని చూసినా ‘నవంబరులో ఇది ఎలా ఉంటుంది’ అన్న ప్రశ్నతోనే గడప దాటు.

ఈ ప్రశ్న అడగక నేను నష్టపోయాను. మొదటి ఏడాది తీసుకున్న ఇంటికి కొత్తగా సున్నం వేశారు, పాలలా ఉంది. నవంబరులో గోడ చెమ్మగిల్లేసరికి ఆ సున్నం కింద నుంచి మోకాలెత్తున ఒక గోధుమరంగు గీత పైకి తేలింది. మరి నాలుగు రోజులకు నీళ్లు సరిగ్గా ఆ గీత దాకా వచ్చి నిలిచాయి. మా ట్రంకుపెట్టె నేల మీదే ఉంది. మీ అత్తయ్య పెళ్లి చీరలు రంగులు కలిసిపోయాయి. నా డిగ్రీ సర్టిఫికెట్‌లో నా పేరు రాసిన చోట సిరా కరిగి ఊదారంగు మరక మాత్రం మిగిలింది. దాని నకలు కోసం తిరిగిన తిరుగుడు ఇప్పటికీ మరచిపోలేదు. ఇల్లు చూసేటప్పుడు ముందుగదిలో నిలబడి వెనక్కి రావద్దు. పెరటి గోడ, స్నానాలగది గోడ, తలుపు చట్రాల అడుగుభాగం చూడు. కింది బందు పై బందు కంటే ఎక్కువ తుప్పు పట్టిందా, చెక్క అడుగున ఉబ్బిందా గమనించు. 2015లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాడూ నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఇంటివారిని కాక పక్కింటివారిని అడుగు.

కొత్తవారందరూ సముద్రం వైపే భయపడతారు. ఇళ్లలోకి నీళ్లు వచ్చేది ఎక్కువగా సరస్సు వైపు నుంచి. ఆరణి నది ఈ సరస్సులోనే కలుస్తుంది. ఎగువన అదే నది మీద పిచ్చాటూరు దగ్గర ఉన్న అరణియార్ జలాశయం గేట్లు ఎత్తారన్న వార్త వింటే, మీ ఊళ్లో చినుకు లేకపోయినా సామాను పైకెత్తు. సరస్సు నీళ్లు సముద్రంలోకి పోయే ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతూ ఉంటుంది. అమావాస్యకో పౌర్ణమికో పోటు ఎక్కువైన వేళ వరద కూడా తోడైతే, నీళ్లకు పోయే దారి ఉండదు. కనుక క్యాలెండరులో తిథి చూడడం అక్కడ పండుగలకు మాత్రమే కాదు.

తుపాను మాట చెప్పినప్పుడు అది ఎక్కడ తీరం దాటుతుందో శ్రద్ధగా విను. మీకు దక్షిణంగా దాటితే గాలి సముద్రం మీది నుంచి వీచి నీళ్లను ఊరి మీదికి తోస్తుంది. ఉత్తరంగా దాటితే గాలి నేల మీది నుంచి సముద్రానికి పోతుంది, ఆ ముప్పు తగ్గుతుంది. 2016 డిసెంబరు 12న వార్దా తుపాను వచ్చినప్పుడు నేను ఈ ఇంట్లోనే ఉన్నాను. ఉదయమంతా ఉత్తరపు గాలి చెట్లను పెకలించి, ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. జనం వీధుల్లోకి వచ్చారు. అది తుపాను కన్ను, అంటే గాలి ఉండని నడిమి భాగం అని తెలిసిన పెద్దవారు వారిని లోపలికి తరిమారు. కాసేపటికి గాలి దక్షిణం నుంచి మళ్లీ విరుచుకుపడింది. గాలి ఆగిందని గడియ తీయవద్దు.

వాతావరణ శాఖ మాటతో పాటు చేపల వేటకు వెళ్లేవారి మాట కూడా విను. ఉత్తరపు గాలిని వాళ్లు వాడై అంటారు, తూర్పు గాలిని కొండల్ అంటారు. తెల్లవారుజామున రేవులో పడవలు కదలకుండా ఉంటే ఊరికే ఉండవు. సరస్సు అవతల మన తడ, సూళ్లూరుపేట ఉండడం వల్ల తెలుగు తెలిసినవారు తగులుతారు, కానీ తమిళంలోనే పలకరించు, వాళ్లు త్వరగా నీ వారవుతారు. ఒక్క సంగతి మాత్రం బడిలో మనసులో పెట్టుకో. వాయుగుండం పట్టిన వారం వేట ఉండదు, ఇంట్లో డబ్బు ఆడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం కనుక, నువ్వు బడిలో చేరేనాటికి చాలా ఇళ్లలో రెండు నెలలుగా రాబడి ఉండదు. ఆ రోజుల్లో నోటుపుస్తకం తేలేదని ఏ పిల్లనూ నిలబెట్టవద్దు తల్లీ. నేను నిలబెట్టాను, ఆ పిల్ల ముఖం ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ఉప్పుగాలికి ఇనుము ఆగదు. బీరువా కొనవద్దు, చెక్క అలమర చాలు. సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు మా ఇంట్లో పెట్టి వెళ్లు.

ఈ ఆదివారం ఇళ్లు చూడడానికి వెళ్తున్నారట. పొన్నేరి దాకా రైలు ఉంది, అక్కడి నుంచి బస్సు. నచ్చిన ఇంటి గోడ మీద ఆ గీత ఎంత ఎత్తున ఉందో అబ్బాయి చేత కొలిపించి, అడ్వాన్సు ఇవ్వకముందే నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య