బడి చదువు పూర్తి చేయకుండా పెద్ద రచయిత కావచ్చా?

"మా అబ్బాయి ఇంటర్ మానేసి నాటకాలు రాస్తానంటున్నాడు. చదువు లేకుండా రచయితలైనవాళ్లు నిజంగా ఉన్నారా?" అని అడిగారు. ఉన్నారండీ. నేను తొమ్మిదేళ్లుగా ఉంటున్న అమెరికా ఊరు పిట్స్‌బర్గ్‌లోనే ఒకాయన పుట్టాడు. ఆగస్ట్ విల్సన్. 20వ శతాబ్దంలోని ఒక్కో దశాబ్దానికి ఒక్కో నాటకం చొప్పున 10 నాటకాలు రాసి, నల్లజాతి అమెరికన్ల నూరేళ్ల బతుకును రంగస్థలం మీదికి ఎక్కించాడు. వాటిలో 9 జరిగేది ఈ ఊళ్లోనే. 'ఫెన్సెస్'‌కు 1987లో, 'ది పియానో లెసన్'‌కు 1990లో పులిట్జర్ వచ్చింది, అక్కడ రచనలకిచ్చే పెద్ద బహుమతి అది. అమెరికాలో ఇంత పని చేసిన నాటక రచయిత ఇంకొకరు లేరని నా గట్టి నమ్మకం.

అయితే ఆయన బడి ఎందుకు మానేశాడో తెలియకుండా ఆ ఉదాహరణ వాడుకోకూడదు.

1945లో హిల్ డిస్ట్రిక్ట్ అనే పేటలో పుట్టాడు. తల్లి డైసీ ఇళ్లల్లో పాచిపని చేసి ఆరుగురు పిల్లలను సాకింది. పదిహేనేళ్లప్పుడు నెపోలియన్ మీద 20 పేజీల వ్యాసం రాసి బడికి తీసుకెళ్లాడు. ఇది నువ్వు రాసింది కాదు, మీ అక్కలెవరో రాసిచ్చారన్నాడు మాస్టారు. నువ్వే రాశావని రుజువు చెయ్యమన్నాడు. మిగతా పిల్లలను అడగనిది నన్నొక్కడినే ఎందుకు అడుగుతారని, ఆ కాగితాలు చించి బుట్టలో పడేసి బయటికి వచ్చేశాడు. మర్నాడు ప్రిన్సిపాల్ కిటికీ కిందే బాస్కెట్‌బాల్ ఆడుతూ నిలబడ్డాడు. ఎవరైనా వచ్చి క్లాసుకు ఎందుకు రాలేదని అడుగుతారని ఆశ. ఒక్కరూ రాలేదు.

ఆ కిటికీ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను ఆఫీసు బస్సులో ఉన్నాను. కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

నాది మంగళగిరి. మా తాతది గుంట మగ్గం. తొమ్మిదో తరగతిలో 'నాకు నచ్చిన వ్యక్తి' అని వ్యాసం రాయమంటే అందరూ గాంధీ, నెహ్రూ, కలాం అని రాశారు. నేను మా తాత మీద ఆరు పేజీలు రాశాను. నాయనమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం, నాడె చప్పుడు ఆగితే ఇంట్లో అందరూ తలెత్తి చూడడం, అన్నీ రాశాను. అందులో ఒక వాక్యం: "తాత కాళ్లు గుంటలో, చేతులు పడుగు మీద, మనసు అప్పు మీద." మాస్టారు ఆ వాక్యం దగ్గర ఆగారు. క్లాసు మొత్తానికి చదివి వినిపించి, నన్ను నిలబెట్టి, "ఏ వీక్లీలోంచి ఎత్తావు రా ఇది?" అన్నారు. నేనే రాశానన్నాను. "తొమ్మిదో తరగతి వాడికి ఇంత మాట ఎక్కడి నుంచి వస్తుంది?" అని అట్ట మీద ఎర్రసిరాతో 'కాపీ' అని రాసి నోట్సు నా బెంచీ మీదికి విసిరారు. వెనక బెంచీ వాళ్లు నవ్వారు. ఇంటికి వెళ్లి చెబితే నాన్న, "మాస్టారితో వాదన దేనికిరా, మార్కులు పోతాయి" అన్నాడు అంతే. నేను బడి మానలేదు. రాయడం మానేశాను, ఇరవై రెండేళ్లు.

నిజానికి ఆ మాట మా నాయనమ్మది. పొద్దుపోయాక షావుకారు కబురు పంపినప్పుడల్లా అనేది. విన్నాను, రాశాను. అది కాపీ అయితే విల్సన్ రాసిందంతా కాపీయే.

ఎందుకంటే ఆయన నేర్చుకున్నది అలాగే. బడి మానేసినా, ఇంట్లో చెప్పకుండా రోజూ బడి వేళకు కార్నెగీ లైబ్రరీకి వెళ్లేవాడు. నల్లజాతి రచయితలు రాల్ఫ్ ఎలిసన్, రిచర్డ్ రైట్, లాంగ్‌స్టన్ హ్యూజ్ పుస్తకాలు చదువుకున్నాడు. పేటలో పాట్స్ ప్లేస్ అని చుట్టలమ్మే కొట్టు ఉండేది, ముసలివాళ్లు చేరి కబుర్లాడుకునేవారు. కుర్రాడు గోడవారన నిలబడి వినేవాడు. 1965లో 20 డాలర్లు పెట్టి పాత టైపురైటర్ కొన్నాడు. ఆ డబ్బు ఎలా వచ్చిందనుకున్నారు? అక్కకు కాలేజీ వ్యాసం రాసిపెడితే ఆమె ఇచ్చింది! ఆ మాస్టారు అనుకున్నదానికి సరిగ్గా తిరగబడిన కథ.

అయినా మొదట్లో ఆయన పాత్రలు కృత్రిమంగా మాట్లాడేవి. రాబ్ పెన్నీ అనే స్నేహితుడిని, వీళ్లచేత ఎలా మాట్లాడించాలని అడిగితే, మాట్లాడించకు, విను అన్నాడట. అది ఒంటబట్టడానికి ఏళ్లు పట్టింది. 1978లో మినెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌కు మారాక, చుట్టూ ఆ యాస వినబడని చోట, హిల్ డిస్ట్రిక్ట్ గొంతులు చెవుల్లో మోగడం మొదలైంది. ఊరు వదిలిన తెలుగువాళ్లెవరికైనా ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. మంగళగిరిలో ఉన్నన్నాళ్లూ పట్టని మా నాయనమ్మ యాస, ఇక్కడ మంచు పారబోస్తుంటే వినబడుతుంది. ఆ తర్వాత కూడా ఆయన పంపిన నాటకాలను చాలాసార్లు తిప్పి పంపారు. 1984లో 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల పేట బ్రాడ్‌వేకి వచ్చేసరికి ఆయనకు 39 ఏళ్లు.

కాబట్టి ఆయన మానేసింది బడిని, చదువును కాదు. మీ అబ్బాయిని ఇంటర్ సంగతి తర్వాత, ఈ నెలలో ఏం చదివావు, ఎవరి మాటలు విన్నావు అని అడగండి. అయితే మన పిల్లలు వెళ్లడానికి లైబ్రరీ ఎక్కడుందన్నది నా బాధ. ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. పోయినసారి ఊరెళ్లినప్పుడు నేను చిన్నప్పుడు కూర్చున్న గదిలో పోటీ పరీక్షల గైడ్లు, మూడు దినపత్రికలు తప్ప ఏమీ లేవు. ఇక్కడ మా అమ్మాయి బడిలో ఇంకో రకం టెన్షన్. వ్యాసం బాగుంటే చాలు, యంత్రం రాసిందా అని సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తున్నారు. పిల్ల ముఖం చూసి అడిగే ఓపిక కూడా పోయింది.

విల్సన్ 2005లో కాలేయ క్యాన్సర్‌తో చనిపోయాడు, 60 ఏళ్లకే. అంతకు కొన్నేళ్ల ముందే కార్నెగీ లైబ్రరీ వాళ్లు పిలిచి హైస్కూల్ డిప్లొమా ఇచ్చారు. బడి ఇవ్వనిది లైబ్రరీ ఇచ్చింది.

నిరుడు చలికాలంలో తాత మీద ఆ ఆరు పేజీలూ మళ్లీ రాశాను. పాత నోట్సు లేదు, గుర్తున్నంత మేర రాసి నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ముసురు పడితే మగ్గం గుంటలో నీళ్లు ఊరేవి. మీ నాయనమ్మ చెంబుతో తోడిపోసేది. అది రాయలేదేంరా?" అన్నాడు. ఆ రాత్రే రాసి చేర్చాను.